సుద్దక్క చేసిన రెండో కాలు

ఆ ఉదయం సుద్దక్క వర్క్‌షాపుకి ఎగిరొచ్చినంత పని చేసింది. తాళం తీస్తూనే కిటికీలు బార్లా తెరిచింది. కొత్తగా కాలు పెట్టించుకున్నవాళ్ళు పట్టుకుని నడవడానికి నేలలో పాతిన గుంజల మీద అడ్డంగా బిగించిన రెండు ఇనుప కమ్మీలను తడిగుడ్డతో తుడిచింది. తుడిచినవాటినే మళ్ళీ తుడిచింది.

"ఏంటక్కా, మంత్రిగారెవరైనా వస్తున్నారా?" అన్నాడు మేస్త్రి. కృత్రిమ కాళ్ళకు గొట్టాలూ పాదాలూ బిగించడం అతని పని.

"మంత్రి ఎవడయ్యా నాకు! మా మిడత వస్తోంది!"

మిడత ఆమె మేనకోడలు. తమ్ముడి కూతురు, రెండో తరగతి. నిరుడు వానలకు నానిన పాత గోడ కూలి మీద పడితే కుడికాలు మోకాలి కిందనుంచి తీసేయాల్సి వచ్చింది. మిడత అన్న పేరు అంతకుముందు నుంచీ ఉన్నదే. ఆస్పత్రి నుంచి వచ్చాక కూడా ఆ పేరు మార్చే అవసరం ఎవరికీ రాలేదు. చంకకర్రల మీద వంటింట్లోంచి వీధిగుమ్మానికి ఆ పిల్ల గెంతే గెంతుకి పెద్దవాళ్ళే పక్కకు తప్పుకోవాలి.

సుద్దక్క అసలు పేరు వర్క్‌షాపులో ఎవరికీ గుర్తులేదు. నేలమీద రాలిన ప్లాస్టర్ పొడి ఊడ్చే పనికి చేరిన మనిషి. ఊడుస్తూ చూసింది, చూస్తూ అడిగింది, అడిగి అడిగి అందరి ప్రాణం తోడేసి పని నేర్చుకుంది. ఇప్పుడు అచ్చులు దిద్దే బల్ల ఆమెదే. మోచేతులదాకా తెలుపు, కనుబొమల మీద తెలుపు. ఆమె టీ తాగితే కప్పు మీద కూడా తెల్లటి వేలిముద్రలుంటాయి.

ఆమెకు ఒక బిడ్డ పుట్టి, పేరు పెట్టేలోపే పోయింది. ఆ రోజుల్లో ఎవరో ఓదార్పుగా, "ఒళ్ళే పోయిందమ్మా, బిడ్డ ఎక్కడికీ పోలేదు" అన్నారు. వింటే ఒళ్ళు మండింది ఆమెకి. తర్వాత కాళ్ళు పోయినవాళ్ళను రోజూ చూస్తూ చూస్తూ ఆ మాట దగ్గరికే తిరిగి వచ్చింది. ఎవరి కాలు ఎంత పోయిందో టేపు పెట్టి కొలవొచ్చు. "నేను" అంటూ బల్లమీద కూర్చుని కబుర్లు చెప్పే మనిషిలో మాత్రం ఒక్క పిసరు తగ్గినట్టు ఆమెకు ఎన్నడూ కనిపించలేదు.

ఓవెన్ పక్క అలమారలో, మిగిలిన ప్లాస్టర్‌తో ఆమె పోసుకున్న చిన్న కృష్ణుడున్నాడు. ఒక కాలి మీద నిలబడి, రెండోది అడ్డంగా వేసుకుని ఉంటాడు. అడ్డంగా వేసిన కాలి వేళ్ళు ఎప్పుడో విరిగాయి. పని మధ్యలో ఆమె ఆయనతో మాట్లాడుతూ ఉంటుంది. ఎక్కువగా తిట్లే.

అదిగో, వచ్చేశారు! ముందు మిడత, వెనక ఆయాసపడుతూ నాన్నమ్మ, అంటే సుద్దక్క తల్లి. తమ్ముడు మాత్రం వరండాలోనే ఆగిపోయాడు. లోపలికి తొంగిచూడటం, గోడవైపు తిరగడం, మళ్ళీ తొంగిచూడటం.

"అత్తా, మీ దేవుడికి కూడా ఒక్క కాలే నేలమీద ఉంది," అంది మిడత అలమార కేసి చూసి.

"ఆ ఒక్కదాంతోనే లోకమంతా ఆడిస్తాడే."

"రెండోదానికి వేళ్ళే లేవు!"

"నేనే పడేశాను. ఇంతవరకూ అలగలేదులే. కూర్చో."

మేజోడు తొడిగి, దానిమీద కొత్త కాలు తొడిగి, మిడతను కమ్మీల మధ్య నిలబెట్టింది సుద్దక్క. పిల్ల రెండు చేతులతో కమ్మీలు పట్టుకుంది. ఒక అడుగు పడింది! మేస్త్రి చప్పట్లు కొట్టాడు. ఇంకో అడుగు. ఆ తర్వాతి అడుగుకి, కొత్త కాలి పైన డొల్లగా ఉండే తొడుగు పిల్ల కాలి చుట్టూ గిర్రున తిరిగిపోయింది. మిడత కమ్మీ మీదికి వాలి, అట్నుంచి కిందికి జారి కూలబడింది. లేపబోయిన అత్త చేతిని తోసేసి, ఆ కాలిని ఊడబెరికి విసిరికొట్టింది.

"దీంట్లో నన్నెవరూ పట్టుకోవట్లేదు! నేను వేసుకోను. ఇంకెప్పుడూ వేసుకోను!"

"చాల్లేవే నీ కాళ్ళూ నువ్వూ," అంది నాన్నమ్మ పిల్లను ఒళ్ళోకి లాక్కుంటూ. "కర్రలతో బాగానే తిరుగుతోంది కదా, మళ్ళీ ఎందుకు దీన్ని ఏడిపించడం? పొద్దున లేస్తే దయగల దేవుడంటావు. పసిదాని కాలు తీసుకున్న దయ ఎలాంటి దయే?"

సుద్దక్క లేచి వెళ్ళింది. మూలకు పడిన కాలిని తెచ్చి, తొడుగులోకి తొంగిచూసింది. లోపల చెయ్యి పెట్టింది. పిడికిలి బిగించి తిప్పితే పిడికిలి హాయిగా తిరిగింది. ఎక్కడా పట్టు లేదు.

తొడుగు చేసే పద్ధతి ఒకటుంది. తీసేయగా మిగిలిన కాలిభాగానికి ప్లాస్టర్ కట్టు చుట్టి, గట్టిపడ్డాక తీసి, ఆ డొల్లలో ప్లాస్టర్ పోస్తే కాలిలాంటి అచ్చు వస్తుంది. వేడికి మెత్తబడ్డ ప్లాస్టిక్ రేకును ఆ అచ్చుమీద లాగితే తొడుగు. కానీ మధ్యలో అచ్చును దిద్దాలి. ఎముక పైకి తేలిన చోట, చర్మం పలచగా ఉన్నచోట ఇంత ప్లాస్టర్ పూసి పెంచాలి. అప్పుడు తొడుగులో అక్కడ ఖాళీ వస్తుంది. మోకాలిచిప్ప కింద, పిక్క పక్కన, ఒత్తిడికి ఓర్చే చోట ఆకురాయితో అచ్చును అరగదీయాలి. తొడుగు అక్కడ నొక్కి పట్టుకుంటుంది. మనిషి బరువు మోసేది ఆ చోట్లే.

ఎంతటివాళ్ళ అచ్చునైనా అరగదీయడానికి సుద్దక్క చెయ్యి వెనకాడదు. మిడత అచ్చు దగ్గర మాత్రం వెనకాడింది. ఆకురాయి ఆనించగానే పిల్ల ఒంటినే గీకుతున్నట్టు అనిపించింది. పైపైన రాసి వదిలేసింది. అంతటితో ఊరుకోక, అవసరం లేనిచోట కూడా పాపం అనుకుంటూ ఇంత ప్లాస్టర్ పూసింది. అంతటా మెత్తగా వదిలిన తొడుగు ఎక్కడా పట్టుకోలేదు.

"మేస్త్రీ! తప్పు నాదయ్యా, నాదే!" అని కేక పెట్టింది.

"తప్పు చేసి ఇంత సంబరపడేదానివి నువ్వొక్కదానివే అక్కా."

"నాదైతే దిద్దుకోవచ్చు కదయ్యా! దాని కాలిదే లోపమైతే ఏం చేసేదాన్ని?"

మిడత నాన్నమ్మ ఒళ్ళోంచి ముఖం తిప్పకుండానే, "నేను వేసుకోనన్నానా!" అంది.

"వేసుకోకే. ఎవరు బతిమాలారు? నాకు కాస్త సాయం చెయ్యి చాలు. నేను నొక్కుతా. ఓర్చుకోగలిగితే ఊ అను. లేకపోతే తిట్టు."

అత్తను తిట్టే అవకాశం ఎవరు వదులుకుంటారు? మిడత కాలు చాపింది. సుద్దక్క బొటనవేలితో నొక్కింది.

"ఊ."

"ఇక్కడ?"

"అబ్బా! రాక్షసీ!"

"భలే భలే. మరి ఇక్కడ?"

"ఊ. ఇంకా నొక్కు, నాకేం కాదు."

ఊ అన్నచోటల్లా నీలం పెన్సిల్‌తో గుర్తు, తిట్టినచోటల్లా ఎర్ర గుర్తు. అవే గుర్తులు అచ్చుమీదికీ ఎక్కాయి. ఇక ఆకురాయి అందుకుంది సుద్దక్క. అలమార వైపు చూసి, "ఏం స్వామీ, చూస్తూ నిలబడకపోతే ఒక చెయ్యి వెయ్యరాదూ!" అని కసిరి పని మొదలుపెట్టింది. తెల్లటి పొడి రాలుతోంటే మిడత దగ్గరికి జరిగింది.

"అత్తా, పోయిన కాలి వేళ్ళు దురద పెడతాయి. అది ఎక్కడికి పోయింది? నాలో కొంచెం చచ్చిపోయిందా?"

ఆకురాయి ఆగింది.

"మిడతా అని పిలిస్తే ఎవరే పలికేది?"

"నేను."

"సగం పలుకుతావా?"

"సగం ఎలా పలుకుతారు? మొత్తం!"

"ఇందాక నామీద కోపం వచ్చింది సగం నీకేనా?"

"మొత్తం నాకే."

"మరి ఇంకేం? గోడకి దొరికింది నీ కాలే. నువ్వు దానికి దొరకలేదు. ఏ గోడకీ దొరకవు."

"ఎప్పటికీనా?"

"ఎప్పటికీ."

మిడత అచ్చుమీద వేలు పెట్టింది. "మీ పాపో?"

సుద్దక్క అచ్చుమీది పొడిని నోటితో ఊదింది. "అదీ దొరకలేదు," అంది.

నాన్నమ్మ ముక్కు ఎగబీల్చింది. "కబుర్లు బాగానే ఉన్నాయి. నేనడిగినదానికి జవాబేది? దీని కాలు తీసుకున్నాడే, అది ఓర్చుకునే చోటేనంటావా?"

"నాకు తెలీదమ్మా. తెలుసని చెప్తే కళ్ళు పోతాయి." సుద్దక్క చెయ్యి ఆగలేదు. "ఇన్నాళ్ళూ దయంటే దూది అనుకున్నాను. దూదిలాగే చేసిపెడితే పిల్ల కిందపడింది. పట్టుకోవాలంటే ఎక్కడో గట్టిగా తగలాల్సిందే. నా బిడ్డ పోయినప్పుడు ఆయన నన్ను వదిలేశాడనే తిట్టుకున్నాను. ఆ నొప్పిలో నొక్కే చెయ్యేదో, పట్టుకున్న చెయ్యేదో ఎవరికి తెలుస్తుంది? తీరా చూస్తే, నేను పడిపోలేదు కదమ్మా."

"ఆయనకి మంచి వకీలే దొరికింది," అని మూతి తిప్పింది నాన్నమ్మ. చేతులు మాత్రం ముందుకొచ్చి, అచ్చు కదలకుండా అదిమి పట్టుకున్నాయి.

ఓవెన్‌లో రేకు మెత్తబడి జారుతోంటే మేస్త్రి, సుద్దక్క చెరోవైపు పట్టుకుని ఒక్క ఊపున అచ్చుమీద లాగారు. అది చల్లారేదాకా ఎవరికీ కాలు నిలవలేదు. సాయంత్రానికి కోత, నునుపు, బిగింపు అన్నీ అయిపోయాయి. రెండో కాలు బల్లమీద నిలబడింది. వరండాలో తమ్ముడు తొంగిచూడటం మానేసి గోడవైపే ఉండిపోయాడు.

"చూడ్డానికి మాత్రమే," అంది మిడత. తొడుగులోకి తల దూర్చినంత పని చేసింది. "నేను ఊ అన్నచోటేనా నొక్కింది?"

"నువ్వే చూసుకో."

చూసుకోవాలంటే తొడుక్కోవాలి. తొడుక్కుంది. ముఖం చిట్లించింది. లేచి నిలబడింది.

"గట్టిగా ఉంది."

"ఊ," అంది సుద్దక్క.

అడుగు. అడుగు. ఇంకో అడుగు! తొడుగు తిరగలేదు. మిడత ఒక చెయ్యి వదిలింది. రెండో చెయ్యీ వదిలింది. కమ్మీల చివర ఆగి వెనక్కి తిరగాలని మేస్త్రి చెబుతూనే ఉన్నాడు, ఆ పిల్ల కమ్మీలు దాటేసి గుమ్మంవైపు సాగిపోయింది. "ఒసే, పడతావే! పట్టుకోండర్రా!" అని నాన్నమ్మ చంకకర్రలు ఎత్తుకుని వెనకే పరుగు.

గుమ్మం దగ్గర మిడత ఆగింది. "అత్తా, నొప్పిగా ఉంది!"

సుద్దక్క ఒక్క అంగలో ముందుకొచ్చింది. "ఎక్కడే?"

"నేను ఊ అన్నచోట!"

"అయితే నడువు!"

చెప్పేదాకా ఆగితేగా! గోడవైపు తిరిగి ఉన్న నాన్నను ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగారు. ఆయన వెనక్కి తిరిగి, పిల్ల చంకల కింద కర్రల కోసం వెతికాడు. అవి ఇంకా నాన్నమ్మ చేతుల్లోనే ఉన్నాయి.