డ్రమ్మరు గారి స్టూలు

సోఫాలక్కకు పాటలంటే చెవి కోసుకునేంత ఇష్టం. ఆమె పాటలంటే ఇంట్లో మిగతావాళ్ళకు చెవులు మూసుకునేంత భయం.

ఆమె దుకాణం ఒక మందుల షాపుకీ, సైకిళ్ళు బాగుచేసే కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. లోపలికి వెళితే స్ప్రింగులు బయటపెట్టుకుని వెల్లకిలా పడి ఉన్న సోఫాలు, గోడవారగా రెక్సిన్ చుట్టలు, బల్ల మీద దబ్బనాలూ మేకులూ కనిపిస్తాయి. ఇవి కనిపించే లోపే పాట వినిపిస్తుంది. మందుల షాపాయన వారానికోసారి వచ్చి, "అక్కా, తలనొప్పి మాత్రలు బాగా అమ్ముడవుతున్నాయి, నీ దయ" అని పోతుంటాడు. అతను మెచ్చుకుంటున్నాడో మొత్తుకుంటున్నాడో ఆమె ఎప్పుడూ తేల్చుకోలేదు.

ఆ దుకాణం మొదట ఆమె నాన్నది. చిన్నప్పుడు బడి అయిపోగానే అక్కడికే వచ్చి, పాత కుర్చీల మేకులు పీకుతూ కూర్చునేది. బళ్ళో ఆమెకు పెద్ద చిక్కొకటి ఉండేది. అందరూ కలిసి పాడి చప్పట్లు కొట్టేటప్పుడు ఈమె చప్పట్లు మాత్రం రెండు చప్పట్ల మధ్య ఖాళీలో పడేవి. కావాలని చేసేది కాదు, చేతులు అలా పోయేవి, అంతే. పాటల టీచరు చూసీ చూసీ, "నువ్వు చేతులు కట్టుకుని పాడమ్మా, చాలు" అంది. అప్పటినుంచి బడి మొత్తానికీ చేతులు కట్టుకుని పాడే పిల్ల ఈమె ఒక్కతే.

మేనమామ ఓడల్లో వంటవాడు. వచ్చినప్పుడల్లా ఎవరికీ పనికిరాని వస్తువు ఏదో ఒకటి పట్టుకొచ్చేవాడు. ఆమెకు పద్నాలుగేళ్ళప్పుడు ఒక రికార్డు తెచ్చాడు. అట్ట మీద నల్లకోట్లు, సన్నటి టైలు, చిన్న టోపీలు పెట్టుకున్న మనుషులు గాల్లోకి ఎగురుతున్నారు. అమ్మ చూసి, "బట్టలు చూస్తే పెళ్ళికొచ్చినట్టున్నారు, కాళ్ళు చూస్తే నిప్పులు తొక్కినట్టున్నారు. ఎవర్రా వీళ్ళు?" అంది.

"ఈ రకం పాటల్ని స్కా అంటారక్కా. రేవులో ఒక కుర్రాడు ఇచ్చాడు. ఇంటికి పట్టుకెళితే వాళ్ళమ్మ తంతుందట" అన్నాడు మేనమామ.

రికార్డు తిరిగింది. డ్రమ్ములు మోగాయి, ట్రంపెట్ అరిచింది. గిటారు మాత్రం తాళం పడే చోట పడకుండా, తాళానికీ తాళానికీ మధ్య ఖాళీలో చక్, చక్, చక్‌మని పడింది. పిల్ల మేకుల డబ్బా పక్కన పెట్టేసింది. బళ్ళో కట్టుకున్న చేతులు వాటంతటవే చప్పట్లకు లేచాయి. ఇన్నాళ్ళూ తప్పంటూ తిట్లు తిన్నచోటే ఆ మనుషులందరూ కలిసి, ఏ బెరుకూ లేకుండా, ఎగురుతూ వాయిస్తున్నారు. ఆ సాయంత్రం ఆ రికార్డు ఎన్నిసార్లు తిరిగిందో గానీ, మేనమామ మాత్రం మళ్ళీ అలాంటివి తేనని అక్కగారికి మాటిచ్చాడు. మాటిచ్చాడే గానీ తేవడం మానలేదు.

తర్వాతి రికార్డు పంక్, అరుపులూ తిట్లే అందులో పాటలు. అది విన్న మర్నాడే ఆమె నాన్న కత్తెరతో జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, సబ్బు నురగతో ముళ్ళలా నిలబెట్టుకుంది. అమ్మ గడపలోనే కూలబడింది.

"ఎవరైనా అడిగితే నేనేం చెప్పనే?"

"జ్వరం వచ్చి ఊడిపోయిందని చెప్పమ్మా."

"నిలబడే జ్వరం ఎక్కడైనా ఉందా?"

నాన్న మాత్రం కత్తెర చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. "గుడ్డ కోసే కత్తెరతో జుట్టు కోస్తే పదును పోతుందని నీకు తెలియదూ?" అన్నాడు. ఆ విషయంలో ఆయన బాధల్లా అదొక్కటే.

అంతటితో ఆగలేదు. ఇద్దరు స్నేహితురాళ్ళను పోగుచేసి బ్యాండు పెట్టింది. పేరు 'స్ప్రింగులు'. గిటారు పట్టిన పిల్లకు తీగల మీద వచ్చినవి రెండే పట్లు, మూడోది నేర్చుకుంటూ ఉంది. డ్రమ్ములు అద్దెకు తేలేక ఖాళీ సోఫా చట్రాలు వాయించారు. యువజన సంఘం హాల్లో ఒకే ఒక్క ప్రదర్శన ఇచ్చారు. బస్సు రాలేదని తిడుతూ తానే రాసిన పాట ఆమె ఎత్తుకోగానే సంఘం పెద్ద బెదిరిపోయి మెయిన్ స్విచ్ కట్టేశాడు. మైకు ఆగింది, ఆమె ఆగలేదు. చీకట్లోనే గొంతు చించుకుని బస్సును చివరిదాకా తిట్టి గానీ దిగలేదు. తర్వాత ఒక పిల్ల నర్సు చదువుకు వేరే ఊరు పోయింది, ఇంకొక పిల్లకు ఆఫీసు ఉద్యోగం వచ్చింది. గొడవేమీ లేకుండానే 'స్ప్రింగులు' విడిపోయింది.

పెళ్ళి మాటలకొచ్చిన అబ్బాయి బస్ డిపోలో వేళల పట్టికలు తయారుచేసే గుమాస్తా. ఈ సంగతి తెలిసి ఆమె ఆ బస్సు పాట ఊసెత్తలేదు.

"మీకు పాటలంటే ఇష్టమేనా?" అని మాత్రం అడిగింది.

"ఇష్టమే. మెల్లగా ఉంటే."

"నావి మెల్లగా ఉండవు."

అతను గుమ్మం వైపు చూశాడు. "ఇంటికి తలుపులుంటాయిగా" అన్నాడు.

ఆ జవాబుతోనే ఆమెకు మనిషి నచ్చాడు. తలుపులు వేసుకుంటూ తీసుకుంటూ కాపురం సాగింది. చివరికి ఇద్దరికీ రాజీ కుదిరింది న్యూ వేవ్ అనే, పంక్ కంటే మెత్తటి పాటల దగ్గర. కీబోర్డులు సన్నగా మోగుతుంటే ఆయన పేపరు దించి, "ఇది పరవాలేదు. ఇందులో ఎవరూ ఎవర్నీ తిట్టట్లేదు" అన్నాడు.

"తిడుతున్నారండీ. కాస్త మర్యాదగా తిడుతున్నారు."

కూతురు పుట్టింది, పెరిగింది, జోలపాటల్లాంటి పాటలే వింటానంది. "నా కడుపున పుట్టి ఇదేం బుద్ధే నీకు!" అని సోఫాలక్క ఇప్పటికీ అంటుంది. కూతురు నవ్వి ఊరుకుంటుంది.

అరవయ్యో పడిలో అడుగుపెట్టబోతుండగా ఊళ్ళో ఒక పోస్టరు వెలిసింది. మేనమామ తెచ్చిన మొదటి రికార్డు మీద ఎగిరినవాళ్ళే! పాతవాళ్ళలో మిగిలింది డ్రమ్మరూ, ట్రంపెట్ ఆయనా మాత్రమేనట. మిగతా చోట్లు వాళ్ళ కొడుకులూ అల్లుళ్ళూ నింపారు. అయితేనేం! ఆమె రెండు టికెట్లు కొని, ఒకటి మొగుడి కళ్ళజోడు పెట్టెలో పెట్టింది. ఆయన చూసుకుని, వెళ్ళి చెవుల్లోకి దూది కొనుక్కొచ్చుకున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం దుకాణానికి ఫోనొచ్చింది. హాలు మేనేజరు.

"అక్కా, తల ప్రాణం తోకకొచ్చింది! డ్రమ్ములు వాయించే పెద్దాయన స్టూలు విరిగింది. కొత్తది తెప్పిస్తానంటే వద్దంటాడు. అది తప్ప ఇంకోదాని మీద కూర్చోడట."

సోఫాలక్క సంచీ తీసుకుని ఎలా వెళ్ళిందో ఆమెకే తెలియదు. వేదిక వెనక గదిలో, మడిచిన తువ్వాలు మీద ఒక సన్నటి ముసలాయన కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళకు పైగా ఆయనకు చెప్పాలని ఎన్నో మాటలు మనసులో దాచుకుంది. తీరా ఎదురుపడ్డాక స్టూలు అందుకుని నొక్కి చూసి, "ఫోము చచ్చిపోయింది" అంది.

"నేనూ సగం అంతే తల్లీ. ముందు దాన్ని బతికించు" అన్నాడాయన.

సంచీలోంచి పనిముట్లు తీసి పని మొదలుపెట్టింది. పై రెక్సిన్ విప్పితే కింద ఇంకో రెక్సిన్, దాని కింద మరోటి. ఏ ఊరి పనివాడు బాగుచేస్తే వాడు పాతదాని మీదే కొత్తది కొట్టుకుంటూ పోయాడు. అన్నిటికంటే అడుగున నలుపు తెలుపు గళ్ళ గుడ్డ బయటపడింది. అంచులు చేత్తో కుట్టి ఉన్నాయి.

పెద్దాయన లేచి వచ్చి వంగి చూశాడు. "అది మా అమ్మ కుట్టింది" అన్నాడు మెల్లగా. "ఇంకా ఉందని నాకే తెలియదు. పారేస్తావా?"

"పారేస్తే నా చెయ్యి పడిపోతుంది సార్."

విరిగిన చెక్క తీసేసి కొత్తది గుండ్రంగా కోసింది. అడుగున గట్టి ఫోము, పైన మెత్తటిది వేసింది. దాని మీద గళ్ళ గుడ్డను ముడత లేకుండా పరిచి, అంచుల్లో నాలుగు పోగులు ఎక్కించి, అప్పుడు కొత్త రెక్సిన్ బిగించింది. ఆయన కూర్చుని అటూ ఇటూ కదిలాడు. పుల్లలు తీసుకుని, ఆమె పద్నాలుగేళ్ళప్పుడు విన్న ఆ పాటే అందుకున్నాడు. ఆమె చేతులు ఊరుకోలేదు. ఖాళీల్లో చప్పట్లు పడ్డాయి. ఆయన వాయిస్తూనే నవ్వాడు.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"బళ్ళో సార్. తిట్లతో సహా."

సాయంత్రం హాలు నిండిపోయింది. ఎటు చూసినా నెరిసిన తలలు, అసలు జుట్టే లేని తలలు, పొట్ట మీద గుండీ పట్టని పాత కోట్లు. మొదటి మూడు పాటలూ సోఫాలక్క ఎవరినీ చూడలేదు, స్టూలునే చూసింది. పెద్దాయన ఊపులో లేచి కూర్చున్నప్పుడల్లా ఆమె గుండె కూడా లేచి కూర్చుంది. నాలుగో పాటకు నమ్మకం కుదిరింది. ఐదో పాటకు ముందువరస జనం కుర్చీలెక్కారు. ఆమె కూడా ఎక్కింది.

"మోకాలు!" అని అరిచాడు మొగుడు, ఆమె నడుం పట్టుకుని. ఆమె కుర్చీ మీదే ఎగిరింది. "మోకాలు! మోకాలు!" అని ఆమె ఎగిరిన ప్రతిసారీ ఆయన మొత్తుకున్నాడు. అదేదో పాటలో మాటే అనుకుని పక్కవాళ్ళు అందుకున్నారు. వెనక వరసకూ పాకింది. కాసేపట్లో సగం హాలు "మోకాలు! మోకాలు!" అని ఎలుగెత్తింది. ట్రంపెట్ ఆయన ఏమీ అర్థం కాక, అయినా ముచ్చటపడి, ఆ పాటను ఇంకొంచెం పొడిగించాడు. డిపో గుమాస్తాగా పనిచేసి రిటైరైన ఆ నెమ్మదస్థుడు తన వెనక అంతమంది గొంతు కలపడం చూసి, ముందు సిగ్గుపడి, తర్వాత ఇంకా గట్టిగా అరిచాడు.

మర్నాడు మోకాలు నిజంగానే వాచింది. దాని మీద ఐసు సంచీ పెట్టుకుని కూర్చుంటే మళ్ళీ మేనేజరు ఫోను.

"ముందు రెండు వరసల కుర్చీలు తొక్కి తొక్కి నాశనం చేశారక్కా! అన్నీ నువ్వే కుట్టాలి. ఎవరో గానీ, బొత్తిగా బుద్ధిలేని మనుషులు."

"ఏం చెప్పను బాబూ, వయసొచ్చినా కొందరికి అంతే" అంది సోఫాలక్క, మొగుడి వైపు చూడకుండా.

వాపు తగ్గాక ఇద్దరూ కలిసి వెళ్ళారు. ఖాళీ హాల్లో ఆమె సీట్లు విప్పుతుంటే ఆయన శ్రావణంతో మేకులు పీకి డబ్బాలో వేస్తున్నాడు. చిన్న స్పీకరు వేదిక అంచున పెట్టి ఉంది, ఇంకా ఏదీ వేయలేదు. ఆయన శ్రావణంతో స్పీకరు వైపు చూపించాడు.

"మొన్న ఒక పాట వాయించారు చూడు, తాళం మధ్య ఖాళీలో పడుతుంది... అది వెయ్యి."

"అన్నీ అలాంటివేనండీ!"

"అయితే అన్నీ వెయ్యి" అన్నాడాయన, ఇంకో మేకు పీకుతూ.