జేబు మూలన కొక్కెం కుట్టు

టైలరమ్మ నోటికి ఆ వీధంతా జడిసేది. ప్యాంటు నడుము వదులు చేయమని వచ్చినవాడితో "ముందు పొట్ట తగ్గించు నాయనా, నడుము సంగతి తర్వాత చూద్దాం" అని మొహం మీదే అనేసే రకం. అంత నోరున్న మనిషీ, చెల్లెలి ఊసెత్తితే మాత్రం ఉలకదు, పలకదు. తలొంచుకుని మిషన్ తొక్కుతుంది.

ఆ పిల్లను తీసుకెళ్లింది పరాయివాళ్లయితే కాస్త నయం. సొంత పిన్నే! "అక్కా, కుట్టుపని, ఉండడానికి గది, అన్నీ నేను చూసుకుంటా. నీ కూతురు నా కూతురు కాదా?" అని వాళ్లమ్మను మాటలతో కరిగించి పిల్లను బస్సెక్కించింది. ఆ తర్వాత చెల్లెలి ఫోను మూగబోయింది. నిలదీస్తే పిన్ని "ఎవడితోనో పోయింది, నన్నేం చేయమంటావు?" అంది. ఎంత తేలిగ్గా అనేసిందో మహాతల్లి! చుట్టాలందరూ ఆ మాటే పట్టుకున్నారు. టైలరమ్మ నమ్మలేదు. పోలీసు స్టేషన్ చుట్టూ కాళ్లరిగేలా తిరిగినా ఫలితం లేకపోయింది.

ఒక మధ్యాహ్నం, నడుము బిగించమని కొత్త ప్యాంటొకటి వచ్చింది. దాన్ని లోపలివైపుకు తిప్పగానే ఆమె చేయి ఆగిపోయింది. జేబు మూలన కుట్టు కొక్కెంలా పక్కకు వంగి ఉంది. కుట్టు ఊడకుండా ఎవరైనా చివర్లో మీట నొక్కి వెనక్కి కుడతారు. వాళ్లమ్మ పాత మిషన్‌కు ఆ మీట విరిగిపోయింది. అందుకని అక్కాచెల్లెళ్లు సూది దించి ఉంచి, గుడ్డనే తిప్పి కుట్టడం నేర్చుకున్నారు. అందులోనూ చెల్లెలు తిరకాసుగా ఎడమకే తిప్పేది. అమ్మ చేత ఎన్ని మొట్టికాయలు తిన్నా ఆ తప్పు మానలేదు.

"ఇది మా చెల్లి చెయ్యి!" అని అరిచింది. ప్యాంటు తెచ్చిన పెద్దమనిషి హడలిపోయాడు.

అతను ఆ ప్యాంటు కొన్న దుకాణం, దానికి సరుకిచ్చే గోదాము, గోదాములో మూటలు దింపే వ్యాను. అందరినీ అడుగుతూ, బతిమాలుతూ, అవసరమైన చోట తిడుతూ ఊరి చివర రేకుల షెడ్డు దాకా వెళ్లింది. బయట తాళం, లోపల మిషన్ల చప్పుడు. లేబర్ ఆఫీసర్ గదిలో గోల గోల చేసి, అతన్నీ ఇద్దరు పోలీసుల్నీ వెంటబెట్టుకొచ్చింది.

తలుపు తెరిస్తే, మిషన్ల వరసలో పదిమంది ఆడవాళ్ల మధ్య చెల్లెలు. చిక్కి సగమైంది. అక్కను చూసి బావురుమంది. టైలరమ్మ ఆమెను హత్తుకుని ఏడుస్తూనే మిషన్ వంక చూసింది. బుద్ధి ఎక్కడికి పోతుంది!

"మీట బాగానే ఉందిగా! మరి తిప్పి ఎందుకు కుట్టావే?"

"సూపర్‌వైజర్ కొట్టేవాడక్కా, టైమ్ వేస్టని. అయినా మానలేదు. ఇవి ఎక్కడెక్కడికో పోతాయి కదా, బిగించమనో కత్తిరించమనో ఒక్కటైనా నీ దగ్గరికి రాదా అని."

టైలరమ్మ మిషన్ పక్కన గుట్టగా పడున్న ప్యాంట్ల వంక చూసింది. లోకంలో ఎన్ని ప్యాంట్లు, ఎన్ని కుట్టు షాపులు! నోట్లో నాలుక లేదనుకున్న పిల్ల దెబ్బలు తింటూ ప్రతి జేబులోంచీ తనను పిలుస్తూ కూర్చుందా? ఇంత నమ్మకం ఈ బక్కప్రాణికి ఎక్కడినుంచి వచ్చింది?

ఆఫీసర్ గొంతు సవరించుకున్నాడు. "బండిలో చోటు తక్కువమ్మా. మీ ఇద్దరూ రండి. మిగతావాళ్లను రేపు తీసుకెళ్తాం."

చెల్లెలు కళ్లు తుడుచుకుని మళ్లీ తన స్టూలు మీద కూర్చుంది. "రేపటికి వీళ్లు ఇక్కడుండరు సార్. ఇంకోచోటికి మార్చేస్తారు. ఇంతకుముందూ అలాగే చేశారు. వీళ్లు రాకుండా నేను రాను."

మిషన్లన్నీ ఆగిపోయాయి. ఆడవాళ్లందరూ టైలరమ్మ వైపే చూస్తున్నారు. ఆమెకు చెల్లెలి రెక్క పట్టుకుని ఈడ్చుకుపోదామనిపించింది. చేతికందిన పిల్లను మళ్లీ పోగొట్టుకుంటే? కానీ ఆ మొహంలో బెదురన్నది లేదు. తాను జడలేసి పెంచిన పిల్లను మొదటిసారి చూస్తున్నట్టుగా, ఒక పెద్దమనిషిని చూసినట్టుగా, కళ్లార్పకుండా చూసింది.

పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"విన్నారుగా సార్! ఇంకో బండి పిలిపించండి. అందాకా మేమిద్దరం కదలం."