మొండికొమ్మలు

మా పెద్దమ్మది మామూలు పట్టుదల కాదు. ప్లైవుడ్ మిల్లువాళ్లు ఆమె దుంగల లారీని వెనక్కి తిప్పమన్న రోజున, డ్రైవరు పక్కనుంచి దిగి గేటుకు అడ్డంగా కూర్చుంది. ఏడేళ్లు పెంచిన చెట్లు మరి! ఇంటి వెనక తోటలో రెండేళ్ల మొక్కలు ఇంకో వెయ్యి ఉన్నాయి. అవీ పొయ్యిలోకేనా అన్నదే ఆమె దిగులు.

"నిండా ముడులమ్మా. వంటచెరుకు కింద అమ్ముకో" అన్నాడు దుంగలు ఏరే మేస్త్రీ.

"నా చెట్టుకు వంక పెట్టావుగా, ఆ వంకేదో చూపించు. చూడందే కదల్ను."

వెనక లారీలు బారులు తీరాయి. మేస్త్రీ తల పట్టుకుని, ఒక దుంగను యంత్రానికెక్కించాడు. అది గిరగిరా తిరుగుతుంటే కత్తి పలచటి పొర వలిచి చాపలా పరిచింది. పొర నిండా చిల్లులే. పెద్దమ్మ వాటి మధ్య జానపెట్టి కొలిచింది. ముఖం మాడిపోయింది.

"ఓరి దేవుడో! ఇవి నా మెట్లే!"

మా తోటల్లో ఎవరు కొమ్మ కొట్టినా జానెడు మొండి వదిలేస్తారు. చెట్టెక్కడానికి కాలు మోపాలి కదా! ఆ మొండి ఎండిపోతుంది, చెట్టు దాన్ని మింగి లావెక్కుతుంది. పొర తీస్తే ఆ ఎండుముడి కాస్తా ఊడి పడుతుంది. తరతరాలుగా మా కొంప మేమే ముంచుకుంటున్నాం. ఇన్నేళ్లలో మిల్లువాడొక్కడైనా ఈ ముక్క చెప్పాడా? వాళ్లకు చెట్టెక్కడం తెలిస్తేగా!

"కొమ్మ బొటనవేలంత ఉన్నప్పుడే మొదలంటా కోసెయ్యాలమ్మా" అన్నాడు మేస్త్రీ.

పెద్దమ్మ ఊరికే పుచ్చుకునే రకం కాదు. ఆవరణలో చివర్లు పగిలిన దుంగలు చూపించి, "నరికిన రోజే చివర్లకు బంకమట్టి మెత్తండి. ఎండకు నోళ్లు తెరవవు" అంది. అతను నవ్వాడు. నెల తిరక్కుండా ఫోను చేసి, "నీ మట్టి పనిచేసిందమ్మా" అన్నాడు.

ఆమె మోకాళ్ల నొప్పులతోనే నిచ్చెనెక్కి, వెయ్యి మొక్కలకూ మొండి మిగలకుండా కొమ్మలు కోసింది. చెట్లకు గుండు కొడుతోందని ఇరుగుపొరుగు ఒకటే ఇకఇకలు. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అన్నారా!

ఆ తర్వాత ఐదో ఏట, ఆ చెట్ల మొదటి లారీతో నేనూ మిల్లుకెళ్లాను. యంత్రం తిరిగింది. బారలకు బారలు పొర వచ్చింది. ఒక్క చిల్లు లేదు. మేస్త్రీ దాన్ని వెలుతురుకెత్తి చూసి, "మొదటి రకం" అన్నాడు.

"యంత్రం మోతలో వినపడలేదు" అంది పెద్దమ్మ.

"మొదటి రకం!"

"ఆఁ?"

అతను యంత్రం ఆపించి, షెడ్డు దద్దరిల్లేలా అరిచాడు. పనివాళ్లంతా తిరిగి చూశారు.

మా పెద్దమ్మవి పాముచెవులు. మొదటిసారే వింది.