సూరిబాబు రేసు మోటారూ, నా ఎదురూ

నిన్న నేను మోటారుతో సహా కాలవలో పడ్డానని ఊరంతా చెప్పుకుంటున్నారట కదర్రా. శుద్ధ అబద్ధం. కాలవకి ఇవతలే ఆగాం. పడింది అరటితోటలో.

మా అన్నయ్య కొడుకు సూరిబాబు చెన్నపట్నంలో రేసు మోటారు కొన్నాడు కదా. ఇంగ్లండు సీమలో దొరలు పందేలాడిన బండట. పైకప్పు లేదు, తలుపుల్లేవు, ఉన్నదంతా ఇంజనే. అది ఉరిమితే పెరట్లో గేదె పాలు ఎగ్గొడుతుంది. నిన్న దానిమీద ద్రాక్షారామం బయల్దేరాడు.

మా వదిన ఎప్పటి పాటే ఎత్తుకుంది. "మాణిక్యం, కాస్త వెనక గదిలోకి వెళ్లమ్మా. నువ్వెదురొస్తే బండి ఆగిపోతుంది."

మా ఆయన పోయిన దగ్గర్నుంచీ ఇంట్లో ఎవరు గడప దాటినా నేను ఆ ధాన్యం గదిలోనే. నిన్న ఒళ్లు మండిపోయింది.

"ఎదురు రాకూడదు, అంతేగా? పక్కన కూర్చుంటే ఎదురెలా వస్తాను?" అని వెళ్లి ఎక్కేశాను. "క్షేమంగా వెళ్లొస్తే ఇక ఆ గదిలోకి వెళ్లను వదినా. నా మొహం చూసి బండి ఆగితే నువ్వే తాళం వేసుకో."

వదిన నోరు తెరిచేలోపు సూరిబాబు నవ్వుతూ ఇంజను హ్యాండిల్ తిప్పి ఎక్కేశాడు.

ఏం వేగం అనుకున్నారు! కొంగు నిలవదు, మాట నిలవదు, నోటినిండా దుమ్ము. అయినా ప్రాణానికి ఎంత హాయిగా ఉందో. కాలవగట్టు మలుపులో బండి ఓ పక్కకి ఒరిగింది. పట్టుకోడానికి మా ఇద్దరి మధ్యా ఓ ఇనప కడ్డీ తప్ప ఏమీ లేదు. జట్కాలో కమ్మీ పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని లాగాను.

"అత్తా, అది బ్రేకు!" అన్నాడు సూరిబాబు. అప్పటికే అరటిగెల మా ఒళ్లో ఉంది.

దెబ్బల్లేవు. చక్రం ఒకటి వంకరపోయింది. గెల వాడి భుజానికెత్తి నడిచొచ్చేసరికి, కబురు ముందే చేరినట్టుంది, వదిన తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"నీ వల్లే ఆగిందా, లేదా?"

"నాదే తప్పమ్మా" అనబోయాడు సూరిబాబు. నేను ఊరుకోలేదు.

"నా వల్లే ఆగింది వదినా. మొహం చూసి కాదు, బ్రేకు లాగితే ఆగింది. నా మొహమే చాలితే దొరలు దానికి బ్రేకెందుకు పెట్టారు?"

వదిన ఆ తాళం ఏంచేసిందో నాకు తెలీదు.

ఇవాళ పొద్దున్న అన్నయ్య రాజమండ్రి వెళ్తుంటే వీధి గుమ్మంలో ఎదురుగానే నిలబడ్డాను. జట్కా లక్షణంగా కదిలిపోయింది. వెనకాలే సూరిబాబు వచ్చి దణ్ణం పెట్టాడు.

"అత్తా, నువ్వు నా మోటారుకి రోజూ ఎదురురా. పక్కన మాత్రం కూర్చోకు."