ముద్దాయి నీటికాకి

ఆ శీతాకాలం పార్థసారథిగారి దృష్టిలో లోకంలో జరిగే ప్రతి నష్టానికీ ఒకటే కారణం: నీటికాకి.

చెరువులో చేప పడకపోతే నీటికాకి. వాళ్ళుండే స్మృతి నగర్‌లో కరెంటు పోతే నీటికాకి. ఎక్కడో తీగ మీద వాలి ఉంటుంది. కళ్ళజోడు కనబడకపోతే ముందు కిటికీలోంచి ఆకాశం వైపు అనుమానంగా ఒక చూపు చూసి, ఆ తరవాతే దిండు కింద వెతుక్కునేవారు. సాంబారులో ఉప్పు మరిచిపోయిన రోజున ఆయన భార్య మణిమాల, ఆయన నోరు తెరవకముందే, "అవునండీ, ఉప్పు కూడా అదే తినేసింది. మజ్జిగ పోసుకోండి" అని గిన్నె జరిపింది.

ఆయన ఉక్కు ప్లాంటుకు విడిభాగాలు పోసి ఇచ్చే ఒక ఫౌండ్రీలో ముప్పైనాలుగేళ్ళు క్వాలిటీ కంట్రోల్ చూసి రిటైరయ్యారు. అక్కడి ఫారంలో 'లోపానికి కారణం' అని ఒక గడి ఉండేది. దాన్ని ఖాళీగా వదలడం ఆయన ఎరగరు. మనిషి రిటైరయ్యాడు గాని గడి రిటైర్ కాలేదని అనిరుధ్ నలుగురిలో చెప్పి నవ్వించేవాడు.

అనిరుధ్‌కి ముప్పైమూడేళ్ళు. అదే ఫౌండ్రీలో అసిస్టెంట్ మేనేజర్, మీనమిత్ర గాలం క్లబ్బుకి సెక్రటరీ. పుట్టి పెరిగింది భిలాయిలోనే కాబట్టి తెలుగులో వాక్యం ఎక్కి హిందీలో దిగేవాడు. పార్థసారథిగారు తండ్రికి స్నేహితుడు. అందుకని ఎదురుగా 'అంకుల్' అనేవాడు, ఆయన వెళ్ళాక ఆయనలా నడిచి చూపించేవాడు. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ ముందుకి చాచి, ఆగి, కొమ్మల్లోకి చూసి, "హూ" అనేవాడు. ఆ 'హూ' కోసం జనం మళ్ళీ మళ్ళీ అడిగేవారు.

క్లబ్బు చెరువు భిలాయి-3 అనే పేట దాటాక ఉంది. మురం మట్టి తవ్విన పాత గోతిలో నీళ్ళు నిండి చెరువైంది. ఏటా జూలైలో రోహు, బొచ్చె పిల్లల్ని వదలడం, నవంబరు నుంచి ప్రతి ఆదివారం గాలాలు వేయడం, ఫిబ్రవరిలో పోటీ. సభ్యులంతా ఆఫీసర్లు. మడతకుర్చీలు, ఫ్లాస్కులు, విదేశీ రీళ్ళు, నల్లకళ్ళద్దాలు. కుర్చీలోంచి కనిపించినంత వరకే వాళ్ళకు చెరువు తెలుసు. గట్టు చుట్టూ కాలినడకన తిరిగేది పార్థసారథిగారు ఒక్కరే. చేతిలో నోటుబుక్కు, మెడలో దుర్భిణి.

ఆ ఏడు నవంబరు మొదటి ఆదివారం పద్నాలుగు గాలాలకు కలిసి ఒక పీత పడింది. రెండో ఆదివారం ఒక తాబేలు పైకి వచ్చి, అందరినీ తీరిగ్గా చూసి, దారం కొరికేసి వెళ్ళిపోయింది. మూడో ఆదివారం ప్రెసిడెంటు రమాకాంత్‌గారి గాలం బెండు బుడుంగున మునిగింది. ఆయన ఇరవై నిమిషాలు పోరాడారు. వెనక నలుగురు వీడియో తీశారు. చివరికి ఎడమకాలి రబ్బరు చెప్పు ఒకటి ఒడ్డుకి చేరింది.

రమాకాంత్‌గారు ఫౌండ్రీకి జనరల్ మేనేజరు. అలాంటి మనిషికి చెప్పు పడితే ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవాలి.

"మూడేళ్ళుగా పెంచిన చేపలు ఏమయ్యాయి?" అన్నారు. అందరూ సెక్రటరీ వైపు చూశారు. అనిరుధ్‌కి నిజంగానే తెలియదు. అతను నోరు తెరిచేలోగా పార్థసారథిగారు కుర్చీలోంచి లేచారు.

"నీటికాకులు" అన్నారు.

అవతలి గట్టు మీద తుమ్మచెట్టుంది. దానిమీద పన్నెండు నీటికాకులు, నల్లకోట్లు తడిసిపోయిన వకీళ్ళలాగా, రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటున్నాయి.

"చూడండి నిర్లక్ష్యం" అన్నారు పార్థసారథిగారు. "తిన్నది చాలక మన కళ్ళముందే ఆరేసుకుంటున్నాయి."

"అంకుల్, మన రోహులు ఒక్కోటీ కిలోన్నర ఉంటాయి" అన్నాడు అనిరుధ్. "పన్‌కౌవా గొంతులో అది పడుతుందేటి?"

"ముక్కలు చేసుకుంటుంది."

"దానికి పళ్ళు లేవు కదా."

"అందుకే ఇన్నాళ్ళు పట్టింది" అన్నారు ఆయన, ఏమాత్రం తొణక్కుండా.

ఆ రోజు నుంచి విచారణ మొదలైంది. నోటుబుక్కులో పక్షులకు నంబర్లు పడ్డాయి. ఏడో నంబరుది నేరస్వభావమనీ, మూడోది చెడు సావాసం వల్ల పాడైందనీ తేల్చారు. అనిరుధ్ క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ఒక బొమ్మ పెట్టాడు: పొట్ట బానంత ఉబ్బిన నీటికాకి, దాని నోట్లోంచి రమాకాంత్‌గారి రబ్బరు చెప్పు. పార్థసారథిగారు దానికి బొటనవేలు గుర్తు పెట్టి, 'నంబరు ఏడులా ఉంది' అని రాశారు. గ్రూపంతా పొర్లి పొర్లి నవ్వింది. రెండు నెలలపాటు చేపలు ఎలా పోయాయని ఇంకెవరూ అడగలేదు.

జనవరిలో కమిటీ కూర్చుంది. అనిరుధ్ మినిట్స్ పుస్తకం తెరిచాడు. రమాకాంత్‌గారు నవ్వని మనిషి, ఏ విషయమైనా తేల్చిగాని వదలరు.

"పార్థసారథిగారు చెప్పింది నిజమే. ఆ తుమ్మచెట్టు కొట్టించేద్దాం. నాకు తెలిసినవాడి దగ్గర ఎయిర్ గన్ ఉంది. ఆదివారం పొద్దున్న రమ్మన్నాను. పన్నెండూ అయిపోతాయి."

"చట్టం ఒప్పుకోదేమో సార్" అని ఎవరో సణిగారు.

"చట్టానికి ఎవరు చెప్తారు?"

పార్థసారథిగారి మొహంలో రంగు దిగిపోయింది. "కాల్చడమంటే, చంపడమా?"

"మరి ముద్దాయిలని మీరేగా అన్నారు."

"డప్పు కొడదామండీ. దిష్టిబొమ్మ పెడదాం. పాత సీడీలు వేలాడదీస్తే మెరుపుకి బెదిరిపోతాయట. నేనే రోజూ వచ్చి అరుస్తాను, ఊరికే ఖాళీగానే ఉన్నాను కదా."

"రెండు నెలలు మీరు మొత్తుకుంటే ఇప్పటికి మేం విన్నాం" అన్నారు రమాకాంత్‌గారు. "ఇప్పుడు మీరు మెత్తబడితే ఎలా?"

పార్థసారథిగారు గ్లాసుడు నీళ్ళు తాగారు. కూర్చున్నారు. మళ్ళీ లేచారు.

"కాకులు తినలేదండీ. అలుగు దగ్గర ఇనుప జాలీ ఉంటుంది కదా, నీళ్ళు పొర్లినా చేపలు పోకుండా. జూన్‌లో దాన్ని నేనే తీశాను. చెత్త చిక్కుకుంటోందని. తిరిగి పెట్టడం మరిచిపోయాను. ఆగస్టు వానకి అలుగు పొంగి చేపలన్నీ కింద నాలాలోకి పోయాయి."



"అయితే రెండు నెలలు మమ్మల్ని వెర్రివాళ్ళని చేశారన్నమాట" అన్నారు రమాకాంత్‌గారు.

"చెప్పడానికి భయమేసింది" అన్నారు పార్థసారథిగారు, తల వంచుకుని.

అనిరుధ్ కలం ఆగిపోయింది. జూన్‌లో ఆ జాలీ తీసింది అతనే. ఒక మూల తుప్పుపట్టి ఊడిందని కారు డిక్కీలో వేసుకుని ఖుర్సీపార్‌లో వెల్డింగు షాపుకి ఇచ్చాడు. ఇచ్చి, మరిచిపోయాడు. ఎంత శుభ్రంగా మరిచిపోయాడంటే, ఈ క్షణం దాకా ఆ జాలీ ఉన్న సంగతే గుర్తులేదు. చెప్పాలని నోరు తెరిచాడు.

"రాసుకో అనిరుధ్" అన్నారు రమాకాంత్‌గారు. "ఒక సీజను సస్పెన్షన్."

అనిరుధ్ రాశాడు. గుండ్రటి అక్షరాలతో, తేదీ వేసి మరీ రాశాడు. ఫిబ్రవరి పదకొండున అతనికి ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉంది, ఎదుట కూర్చునేది రమాకాంత్‌గారే.

మర్నాడు ఖుర్సీపార్ వెళ్ళాడు. షాపు యజమాని పోలయ్య, శ్రీకాకుళం నుంచి నలభై ఏళ్ళ కిందట వచ్చినవాడు, మొహానికున్న అద్దం పైకి లేపాడు.

"ఆ జాలీయా? ఎప్పుడో పట్టికెలిపోనారు బాబూ. సెప్టెంబర్ల. పార్థసారథిబాబు స్కూటరెనక కట్టుకున్నారు, నానూ ఎల్లి బిగించొచ్చాను. అప్పటికే సేపలు ఎలిపోనాయి."

"నేను ఇచ్చానని చెప్పావేటి?"

"అడిగితే సెప్పనా మరి? ఆ కుర్రోడికి ఇంటర్వ్యూ ఉన్నాది, నువ్వు నోరిప్పకు అన్నారు." పోలయ్య రాడ్డు పక్కన పెట్టాడు. "ఆయనంతే బాబూ. నాను ఫౌండ్రీలో ఉన్నప్పుడు నా అతుకొకటి ఇడిపోనాది. కారణం గాలిలో తేమ అని రాసీసినారు. నా పేరు లేదు. ఆయన రాసిన కాయితాల్లో మనిసి పేరు ఎప్పుడూ లేదు."

"అంటే తప్పు చేసినా వదిలేస్తారా?"

"వదిలీడమా? పక్కకి పిలిసి గంటసేపు తిట్టినారు. అదే అతుకు పదకొండుసార్లు ఏయించినారు. మరింక ఇప్పటిదాకా నా అతుకు ఇడిపోలేదు."

అనిరుధ్ అక్కణ్ణుంచి తిన్నగా స్మృతి నగర్ వెళ్ళాడు. తలుపు తీసిన మణిమాల అతని మొహం చూసి సంగతి కనిపెట్టింది.

"తెలిసిందా? రా నాయనా. రెండు నెలల్నించి నా కరెంటు, నా ఉప్పు, తన కళ్ళజోడు అన్నీ ఆ పక్షి మీద పెట్టారు నీకోసం. ఇంట్లో కూడా అనకపోతే బయట అతుకుతుందో అతకదోనని సాధన."

"అతికింది కదా" అన్నారు పార్థసారథిగారు లోపలినుంచి. "అనిరుధ్ కూడా నమ్మాడు. వాట్సాప్‌లో బొమ్మ కూడా పెట్టాడు."

అనిరుధ్‌కి ఎక్కడ చూడాలో తెలియలేదు. "సారీ అంకుల్. మైఁ... నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు అబద్ధం ఆడాల్సొచ్చేది. నీకది రాదు, మొహంలో తెలిసిపోతుంది. ఇంటర్వ్యూ ఎప్పుడన్నావు?"

"పదకొండు."

"అయితే పన్నెండున రా. నిన్ను తిట్టాలి." జేబులోంచి మడత కాగితం తీసి చూపించారు. వరసగా తొమ్మిది పాయింట్లు. ఐదో పాయింటు కింద రెండు గీతలు.

"ఇప్పుడే తిట్టండి."

"వద్దు. ధైర్యం పోతుంది."

"నేను కమిటీకి చెప్పేస్తాను అంకుల్."

"గడిలో ఒకసారి పేరు పడితే, ఆ తరవాత నీ పనెవడూ చూడడు, పేరే చూస్తాడు. నేను రిటైరైనవాణ్ణి. నా పేరుతో వాళ్ళకేం పని?"

అయినా సోమవారం అనిరుధ్ రమాకాంత్‌గారి గదికి వెళ్ళాడు. జాలీ తీసింది తనేనని మొత్తం చెప్పాడు. రమాకాంత్‌గారు టీ కప్పు కిందపెట్టకుండానే విన్నారు.

"మినిట్స్ పాసయిపోయాయి" అన్నారు. "ఇప్పుడు మార్చాలంటే జనరల్ బాడీ పిలవాలి. ఎందుకొచ్చిన గొడవ? దోషి దొరికాడు, ఆయన ఒప్పుకున్నాడు, ఫైలు మూసేశాం. ఎయిర్ గన్ వాణ్ణి కూడా రావద్దని చెప్పేశాను."

"కానీ సార్, తప్పు చేసింది నేను."

"నిజాయితీ మంచిదే. ఇంటర్వ్యూలో వాడుకో."

పార్థసారథిగారు గాలం వేసుకునే చోటు, చెరువు మొత్తమ్మీద నీడపడే ఒకే ఒక చోటు, అప్పటికే రమాకాంత్‌గారి పేరున మారిపోయిందని అనిరుధ్‌కి బయటికొచ్చాక తెలిసింది. ఆ సాయంత్రమే సెక్రటరీ పదవికి రాజీనామా ఇచ్చాడు. ఇంటర్వ్యూలో గట్టెక్కాడు. పన్నెండో తారీఖున చెప్పిన వేళకి స్మృతి నగర్ వెళ్ళి బుద్ధిగా కూర్చున్నాడు. తిట్లు గంటా పది నిమిషాలు సాగాయి. మధ్యలో మణిమాల పకోడీలు తెచ్చినప్పుడు ఏడో పాయింటు దగ్గర విరామం ఇచ్చారు. బయటికొచ్చేసరికి అనిరుధ్ చెవులు ఎర్రగా, మనసు తేలిగ్గా ఉన్నాయి.

మార్చిలో ఒక ఆదివారం ఆయన ఫోన్ చేసి, చెరువుకి కిలోమీటరు కింద, రోడ్డు వంతెన దగ్గరికి రమ్మన్నారు. అక్కడ నాలా ఒక మడుగు కట్టింది. క్లబ్బు లేదు, కుర్చీలు లేవు. పక్క ఊరి ఆడవాళ్ళు మోకాళ్ళలోతు నీళ్ళలో చేతివలలు పట్టుకుని నిలబడ్డారు. ఒడ్డున మొద్దు మీద నాలుగు నీటికాకులు. పార్థసారథిగారు ఒక రాతిమీద గోనెసంచి పరుచుకుని, వెదురుకర్రకి దారం కట్టి కూర్చున్నారు.

"ఏ సాల్ మఛరీ బహుత్ హే, బాబూజీ" అని, ఈ ఏడు చేపలు దండిగా ఉన్నాయని చెప్పింది ఛాయ అనే ఆవిడ, వల ఎత్తి చూపిస్తూ. వలలో మోచేతంత రోహు.

అనిరుధ్‌కి ఆ చేప మొహం ఎక్కడో చూసినట్టనిపించింది. "అంకుల్, ఇవి మనవే కదా?"

"ఆగస్టు దాకా మనవి" అన్నారు ఆయన, ఎర గుచ్చుతూ. "ఈ ఊళ్ళో పిల్లలు ఈ ఏడు కొంచెం ఒళ్ళు చేశారు, గమనించావా?"

మధ్యాహ్నానికి ఆయన గాలానికి రెండు కిలోల బొచ్చె పడింది. ముప్పైనాలుగేళ్ళ అనుభవంతో దాన్ని అన్ని వైపులా తిప్పి చూసి, లోపం ఏమీ లేదని తేల్చి, తడి గోనెసంచిలో చుట్టి దానిమీదే కూర్చున్నారు. సరిగ్గా అప్పుడు వంతెన మీద ఒక తెల్లకారు ఆగింది. అద్దం దిగింది. లోపల రమాకాంత్‌గారు, వెనకసీట్లో ఖరీదైన రీళ్ళు.

"ఏటండీ పార్థసారథిగారూ, ఇక్కడ కూర్చున్నారు. పడుతున్నాయా?"

నీళ్ళలో ఛాయ వల దించేసి, కడుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడిపోయింది. మిగిలిన ఆడవాళ్ళూ ఎక్కడివాళ్ళక్కడ ఆగారు.

"ఎక్కడండీ. పొద్దుటినుంచి ఒక్క చేపపరక లేదు" అన్నారు పార్థసారథిగారు. "ఈ నీళ్ళలో ఏమీ బతకదు సార్. ఎండ తగలకుండా వెళ్ళిరండి."

సంచి కింద బొచ్చె దబామని తోక కొట్టింది. పార్థసారథిగారు రాతిమీద జానెడు ఎగిరి, మళ్ళీ కూర్చుని, గట్టిగా దగ్గారు. పక్కనున్న అనిరుధ్ కూడా దగ్గాడు. ఇంకా చాలదేమోనని నీళ్ళలో ఛాయ, ఆవిడ వెనక మిగిలిన ఆడవాళ్ళందరూ దగ్గడం మొదలుపెట్టారు. ఈ నాలా దగ్గర ఏదో రోగం తిరుగుతోందనుకుని రమాకాంత్‌గారు గబగబా అద్దం ఎత్తేసుకున్నారు.