జెట్టీ దగ్గర అడిగిన మనిషి

ఎవరైనా దయ్యాన్ని చూశామంటే, "సౌదీలో ఉండనిచ్చే ఇఖామా కార్డు ఉందేమో అడక్కపోయారా" అని ఎగతాళి చేసేవాణ్ణి. ఇప్పుడా మాట నా నోట రాదు.

మాది కడప. ఇక్కడ అల్ ఖోబర్‌లో కూలీలను సరఫరా చేసే కంపెనీలో క్లర్కుని. సముద్రంలో కట్టే ప్లాట్‌ఫారాల మీదికి వారానికోసారి బోటులో మనుషులను పంపడం నా పని.

ఆ ప్రాజెక్టులో సేఫ్టీ చూసే చైనా ఇంజనీరు లియాంగ్ ఒక ఫారం పెట్టాడు. బోటెక్కే ప్రతి మనిషినీ అతని భాషలోనే "ఇష్టపడే వెళ్తున్నావా?" అని అడిగి టిక్కు పెట్టాలి. ఇదేం చాదస్తమయ్యా అంటే చెప్పాడు. చైనా కూలీలను ఓడల్లో దూరదేశాలకు తరలించే రోజుల్లో హాంకాంగ్‌లో బ్రిటిష్ వాళ్లు ఇలాంటి చట్టమే పెట్టారట. ఓడ కదిలేముందు ఒక అధికారి అందరినీ అడగాలి, కాదన్నవాణ్ణి దింపేయాలి. లియాంగ్ ముత్తాత ఆ అధికారికి దుబాసీ. కూలీ కాదన్నా అవునన్నాడనే చెప్పేవాడట. ముసలితనంలో అది తలుచుకుని ఏడ్చేవాడట.

విన్నాను గానీ పాటించలేదు. ముందురోజే ఆఫీసులో కూర్చుని టిక్కులన్నీ పెట్టేసేవాణ్ణి. ఎవరు కాదంటారు గనక?

లింగయ్య కాదన్నాడు. జగిత్యాల వైపు మనిషి, పరంజాలు కడతాడు. బోటుకు ముందురోజు నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"కండ్లు తిరుగుతున్నయ్ సార్. మీదికెక్కితె నీళ్లల్ల పడ్తనేమోనని బుగులైతంది. ఈసారికి నన్ను ఆపరాదుండ్రి."

ఒక్క మనిషి తగ్గినా సూపర్‌వైజరు నన్ను నమిలేస్తాడు. చూద్దాంలే అన్నాను. అతను అటు వెళ్లగానే అతని పేరు పక్కన కూడా టిక్కు పెట్టాను. తప్పని తెలుసు. అయినా దిద్దలేదు.

మర్నాడు పొద్దున ఏడింటికి ఇరవై రెండు మంది గేటు దాటి జెట్టీ మీదికి నడిచారు. చివర నేను. బోటు దగ్గర లింగయ్య పక్కకు జరిగి నిలబడ్డాడు. ఎక్కవేమని సూపర్‌వైజరు గద్దించాడు.

"రానని ఆ చైనా పెద్దమనిషికి చెప్పిన గద సార్. సరె, ఆగుమన్నడు."

ఏ పెద్దమనిషి? గేటు దగ్గర ముసలాయన, అందరినీ అడిగాడు కదా అన్నారు మిగతావాళ్లు. లింగయ్యను తెలుగులో అడిగాడట. పెషావర్ అతను పష్తోలో అంటాడు, బంగ్లాదేశ్ వాళ్లు బంగ్లాలో అంటారు. అంతమంది ముందు సూపర్‌వైజరు లింగయ్యను బలవంతంగా ఎక్కించలేకపోయాడు. రెండు రోజుల తర్వాత డాక్టరు పరీక్ష చేసి, ఇతను ఎత్తులు ఎక్కితే ప్రాణానికే ముప్పని రాసిచ్చాడు. 

బోటెక్కించిన ఆ పొద్దున లియాంగ్ నాలుగు వందల కిలోమీటర్ల అవతల రియాద్‌లో, మలాజ్ అనే పేటలో ఉన్నాడు. మా దగ్గర ఇంకో చైనా మనిషి లేడు. మనసాగక గేటు కెమెరా వీడియో మూడుసార్లు చూశాను. అక్కడ ఏ ముసలాయనా లేడు. కానీ మనవాళ్లు ఒక్కొక్కరే ఒకేచోట ఆగుతున్నారు, ఎవరి మాటో వింటున్నారు, తలూపి కదులుతున్నారు. లింగయ్య ఒక్కడే అడ్డంగా ఊపాడు.

ఎండదెబ్బ అనుకుందామంటే అందరికీ ఒకేసారి ఎలా తగులుతుంది? 

నేనైతే ఆ రోజు ఎక్కడా ఆగలేదు, అల్లా సాక్షి. వీడియోలో మాత్రం ఆగాను. అందరికంటే ఎక్కువసేపు ఆగాను. నా పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆ కెమెరాకు శబ్దం లేదు. ఆయన ఏమడిగాడో, నేనేం చెప్పుకున్నానో ఇవాళ్టికీ తెలియదు. ఫారం మాత్రం రెండు చేతులతో వీపు వెనక దాచుకున్నాను.