రెండు వేళ్ల సందు

చలికాలం పొద్దున గీజరు వేయగానే ఈ కొత్త ఇంట్లో గోడలోని పైపు టక్కు టక్కుమంటుంది. మా కోడలికి ఆ చప్పుడు పడదు. ప్లంబర్‌ను పిలుద్దాం అత్తమ్మా అని రోజూ ఒకసారి అంటుంది. నేను వద్దంటాను. ఎందుకు వద్దో చెప్పను. నిలబడింది చల్లటి టైల్సు మీదే అయినా, ఆ చప్పుడు వినగానే నా అరికాళ్లకు వెచ్చటి టేకు చెక్క తగిలినట్టుంటుంది. వేడెక్కిన టేకుకు ఒక వాసన ఉంటుంది, కొంచెం నూనె, కొంచెం అడవి. అది కూడా ముక్కుకు తగులుతుంది. "పైపు మాట్లాడుతున్నదంటే లోపట గాలి ఇరుకున్నట్టు బిడ్డా. దానికి పోయే తొవ్వ ఇయ్యాలె" అని పోశెట్టి మామ గొంతు వినబడుతుంది. ఆయన పోయి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టడం మానేశాను. ఒక్కసారి కనబడితే బాగుండునని మాత్రం ప్రతి చలికాలం అనుకుంటాను.

పోశెట్టి మామ మాకు చుట్టమేమీ కాదు. నాందేడులో మా అత్తగారింటికి ఎదురింటాయన. బట్టల మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. మనిషి పొట్టి. నిప్పు దగ్గరే బతుకంతా గడిచిందేమో, ముంజేతుల మీద ఒక్క వెంట్రుక ఉండేది కాదు. దేన్నయినా అరచేత్తో ముట్టడు, చేతి వెనకవైపు ఆనించి చూస్తాడు. చాయ్ గ్లాసయినా అంతే, జ్వరమొచ్చిన పిల్లల నుదురయినా అంతే. "అరచెయ్యి కాలితే పనెట్ల జేస్త?" అని నవ్వేవాడు. నేను బోధన్ దగ్గరి పల్లె నుంచి కోడలిగా వచ్చినప్పుడు ఆ వీధిలో సగం మంది మరాఠీ, సగం మంది ఉర్దూ. నాకు రెండూ రావు. బజారులో ఏదైనా అడగాలంటే నోరు పెగిలేది కాదు. మా అత్తమ్మకు అది నవ్వులాట. పోశెట్టి మామ మాత్రం మిల్లు నుంచి వస్తూ వాకిట్లో ఆగి, "ఏం బిడ్డా, ఇయ్యాల ఏం మాట నేర్చినవ్?" అని అడిగేవాడు. నేనొక మరాఠీ మాట చెప్తే, అది తప్పయినా సరే, "షాబాష్" అనేవాడు.

మా మొదటి పిల్లవాడు పుష్యమాసంలో పుట్టాడు. మా అమ్మ లేదు కనుక కాన్పు అత్తగారింట్లోనే. గోదావరి గాలికి ఆ ఏడు చలి ఎముకలు కొరికింది. మా వాళ్లలో బాలింత గదిలోకి గాలి దూరకూడదు. పై అంతస్తులో చెక్క నేల గది ఉండేది, మాడి అనేవాళ్లం. అందులో నన్నూ పిల్లవాణ్నీ పెట్టి, తలుపు సందుల్లో బట్టలు కుక్కి, కుంపటి మీద ఓమ, సాంబ్రాణి వేసి కాపడం పెట్టేవారు. కట్టె పొగకు పిల్లవాడు దగ్గుతున్నాడని పదకొండో రోజు పోశెట్టి మామ మిల్లులో అడిగి ఒక బుట్టెడు బొగ్గు తెచ్చాడు. "ఇది పొగ రాని బొగ్గు వదినా" అని అత్తమ్మకు ఇచ్చాడు. నిజంగానే పొగ రాలేదు. పన్నెండో రోజు తెల్లవారి నాకు తల పగిలిపోతూ, వాంతి చేసుకుంటూ మెలకువ వచ్చింది. పక్కన పిల్లవాడు చల్లగా ఉన్నాడు. ఇంకా పేరు కూడా పెట్టలేదు. డాక్టరు వచ్చి, పొగ కనబడకపోయినా బొగ్గు నుంచి పుట్టే గాలి మూసిన గదిలో నిండిపోతుందని చెప్పాడు.

అత్తమ్మ వాకిట్లో కూలబడి గుండెలు బాదుకుంటూ, "ఆ బొగ్గు ఎవడు తెచ్చిండు?" అని అరిచింది. ఎవరు తెచ్చారో ఆమెకు తెలుసు. అందరికీ తెలుసు. పోశెట్టి మామ జనం వెనక నుంచి ముందుకు వచ్చి, "నేనే తెచ్చిన వదినా" అన్నాడు. నీ తప్పేముంది అని ఒక్కరూ అనలేదు. నేనూ అనలేదు. అబద్ధమెందుకు, నేను కూడా కొన్నాళ్లు తప్పు ఆయనదే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సులువుగా ఉండేది. ఎందుకు సులువో చెప్పడానికి ఇంకా ధైర్యం కూడగట్టుకోవాలి. ఆ రోజు నుంచి ఆయన వాకిట్లో ఆగి మాట అడగడం మానేశాడు.

రెండేళ్లకు మళ్లీ కడుపు పండింది. కాన్పు మళ్లీ పుష్యమాసంలోనే అన్నారు. నాకు సంతోషం కన్నా వణుకు ఎక్కువ పుట్టింది. "ఆ గదిల నిప్పు పెడితే నేను వాకిట్లనే కంటా" అని అత్తమ్మతో తెగేసి చెప్పాను. "నిప్పు లేకుంటే బాలింతకు సన్నిపాతం అస్తది, పిల్ల గడ్డకట్టి పోతది. నీకేం దెల్సు?" అని ఆమె. ఇద్దరిదీ భయమే. ఒకనాడు మధ్యాహ్నం ఈ వాదన వీధిలోకి వినబడినట్టుంది. పోశెట్టి మామ చాలా రోజుల తర్వాత మా గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు. నా ముఖం చూడకుండా నేలతోనే మాట్లాడాడు.

"నిప్పు బయట వెడ్దం వదినా, పెరట్ల. నీళ్లు కాగుతయ్. కాగిన నీళ్లు పైకే పోతయ్, ఎవలూ నూకేది లేదు. మాడి చెక్కల కింద పైపులేస్తె వాటిలకెల్లి తిరిగి, సల్లబడి, మల్ల కిందికే అస్తయ్. గదిల నిప్పుండదు, పొగుండదు. ఎచ్చదనం ఒక్కటే ఉంటది."

అత్తమ్మ నోరు తెరిచి చూసింది. "ఇంటికి రైలింజను వెడ్తవా ఏంది పోశెట్టీ?" అంది. మా ఆయన తాలూకా కచేరీలో గుమాస్తా, ఏదైనా రాతలో ఉంటే తప్ప నమ్మడు. ఆయన నా వైపు చూశాడు. "పెట్టనియ్యండి" అన్నాను.

పోశెట్టి మామ మిల్లులో పని దిగి వచ్చి, పొద్దు గూకేదాకా రోజూ పని చేశాడు. ఇనుప డ్రమ్ముకు మూత అతికించి పెరట్లో పొయ్యి మీద కూర్చోబెట్టాడు. మాడిలో పాత చెక్కలు ఊడదీసి, దూలాల మధ్య పైపులు పరిచాడు. ఏ పైపూ ఎక్కడా కిందికి వంగకూడదు. గ్లాసులో నీళ్లు పోసి పైపు మీద పెట్టి వాలు చూసుకునేవాడు. వంగినచోట గాలి ఇరుక్కుంటుందట, నీళ్లు ముందుకు పోవట. పైన గోడకు మూత లేని చిన్న నీళ్ల డబ్బా బిగించాడు, వేడికి ఉబ్బిన నీళ్లకు చోటుండాలని. వీధి పిల్లలు "కూ... చుక్ చుక్" అంటూ మా వాకిట్లో తిరిగేవాళ్లు. నేను మెట్ల మీద కూర్చుని అదంతా చూసేదాన్ని. ఆయన నాతో పని మాటలు తప్ప వేరే మాట్లాడేవాడు కాదు. ఆ పని మాటలే నాకు ఎంతో అనిపించేవి.

దసరా ముందు మాండవి అడవుల వైపు నుంచి కొత్త టేకు చెక్కలు బండి మీద వచ్చాయి. ఇక మేకులు కొట్టేయడమే అనుకున్నాను. పోశెట్టి మామ వాటిని గదిలో ఒకదాని మీద ఒకటి, మధ్యలో పుల్లలు పెట్టి పేర్చాడు. "నెలన్నర ముట్టొద్దు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నెలలు నిండుతుంటే నెలన్నర ఊరికే పెట్టడమేమిటి? అంతలో వాళ్ల అక్కకు బాగాలేదని కబురొచ్చి ఆయన మా జిల్లాలోనే ఉన్న హిమాయత్‌నగర్ దగ్గరి ఊరికి పోయాడు. నేను ఆగలేదు. వడ్రంగి గంగారాంను పిలిపించి రెండు రోజుల్లో చెక్కలన్నీ మేకులతో బిగింపజేశాను. మూడోనాడు పెరట్లో పొయ్యి వెలిగించి మంట బాగా ఎగదోశాను. సాయంత్రానికి చెక్కలు చిటచిటమన్నాయి. తెల్లవారి చూస్తే వేలు పట్టేంత సందులు. నడిమి చెక్క రెండంచులూ పైకి లేచి పడవలా ఉంది. ఇంకేముంది, దాని మీదే కూలబడి ఏడ్చాను.

వారానికి ఆయన తిరిగొచ్చి మెట్లెక్కి చూశాడు. అత్తమ్మ నన్ను చూపించి, "గీమెనే కొట్టిచ్చింది" అని చేతులు దులుపుకుంది. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన చేతి వెనకవైపు చెక్కకు ఆనించి, "పచ్చిదున్నది బిడ్డా. అడవిల పెరిగింది గదా, దానికి ఇల్లు దెల్వాలె. కొత్త కోడలిని అచ్చిన నాడే పొయ్యి కాడ కూసోబెడ్తమా?" అన్నాడు.

"నేను కూసోబెట్టిన" అంది అత్తమ్మ ఠక్కున.

ఆయన నవ్వాడు. రెండేళ్ల తర్వాత ఆయన నవ్వడం అప్పుడే చూశాను. నాకూ నవ్వొచ్చింది, కళ్లు తుడుచుకుంటూనే. తర్వాత ఒక్కొక్క మేకూ తానే పీకాడు, చెక్క చీలకుండా. మళ్లీ పుల్లలు పెట్టి పేర్చి, రోజూ సన్నటి మంట పెట్టి, నీళ్లను గోరువెచ్చగా తిప్పుతూ చెక్కలను ఆరబెట్టాడు. మార్గశిరం నడుస్తుండగా బిగించాడు. గోడల పొంటి వేలెడు సందు వదిలాడు, చెక్క ఊపిరి తీసుకోవాలని. పొయ్యి వెలిగిన గంటకు అత్తమ్మ చెప్పుల్లేకుండా గది మధ్యలో నిలబడి, కాలు తీసి కాలు పెడుతూ, "అమ్మో, పిల్లి కడుపు తీరు ఎచ్చగున్నదే!" అంది. పోశెట్టి మామ మాత్రం ఆఖరి మెట్టు మీదే ఉండిపోయాడు. "రా మామా, నువ్వేసిన నేలే గదా" అంటే, "కాళ్లకు మసి ఉన్నది బిడ్డా" అన్నాడు.

పనంతా అయిందనుకున్న మర్నాడు గంగారాంను తీసుకొచ్చి మాడి కిటికీ రెక్క ఊడదీయించాడు. కింద రెండు వేళ్ల మందం చెక్క కోయించి మళ్లీ పెట్టించాడు. ఇక ఆ కిటికీ ఎవరు మూసినా, ఎంత మూసినా, రెండు వేళ్ల సందు ఉండిపోతుంది. గదిలో నిప్పే లేనప్పుడు ఆ సందు ఎందుకని అత్తమ్మ గొణిగింది. ఆయన నా వైపు చూడకుండా, మూసిన రెక్క కింద రెండు వేళ్లు దూర్చి చూసుకున్నాడు. ఎందుకో నాకు మాత్రం తెలుసు. ధైర్యం చేసి ఇప్పుడు చెప్తున్నాను. బొగ్గు తెచ్చిన రోజు, అత్తమ్మ కిందికి దిగిపోయాక, ఆయన తలుపు అవతల నుంచి నాతో అన్నాడు: "బిడ్డా, కిటికీ రెండు వేళ్ల సందు ఉంచు, మర్వకు." నేను ఉంచాను. పొద్దు వాలాక పిల్లవాడి చెవులకు గాలి తగులుతోందని లేచి ఆ కిటికీ మూసింది నేను. సందులో నా పాత చీర కుక్కింది నేను. వాకిట్లో అంతమంది ముందు "నేనే తెచ్చిన" అన్న మనిషి, సందు ఉంచమని చెప్పానని ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆ ఇంట్లో నా బతుకు ఏమయ్యేదో ఆయనకు తెలుసు. అంతా తెలిసే తన నెత్తిన వేసుకున్నాడని ఆ కోసిన కిటికీ ముందు నిలబడ్డప్పుడు నాకు అర్థమైంది.

పుష్యంలో శాంత పుట్టింది. ఆ వెచ్చటి నేల మీదే బోర్లాపడింది, పాకింది. ప్రతి చలికాలం మొదట్లో పోశెట్టి మామ వచ్చి, డబ్బాలో నీళ్లు నింపి, చిన్న కుళాయి తిప్పి పైపుల్లో గాలి తీసేవాడు. నేల మీద కూర్చునేవాడు కాదు. శాంతకు అయిదేళ్లప్పుడు అది ఆయన వేలు పట్టి లాగి, "కూసో తాతా" అని కూర్చోబెట్టేసింది. కూర్చున్నాడు. మొదట చేతి వెనకవైపు ఆనించాడు. తర్వాత మెల్లగా తిప్పి, అరచెయ్యి మొత్తం చెక్క మీద పెట్టాడు. "ఎచ్చగున్నదా బిడ్డా నీకు?" అని దాన్ని అడిగాడు. ఆయన కళ్లు నిండాయి. చెప్పేద్దామనుకున్నాను. మామా, కిటికీ మూసింది నేను. అంతే, నాలుగు ముక్కలు. కానీ నేనేం చేశాను? "చాయ్ వెట్టుకొస్త మామా" అని లేచి కిందికి పోయాను. గ్లాసు పట్టుకుని పైకి వచ్చేసరికి ఆయన వెళ్లిపోయాడు, షిఫ్టుకు టైమైందని. ఆ ఎండాకాలమే తన ఊరికి వెళ్లి అక్కడే చనిపోయాడని కబురొచ్చింది. ఆ చాయ్‌ని ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

పాత ఇల్లు ఇప్పుడు లేదు. ఇది శాంత తర్వాత పుట్టిన కొడుకు ఇల్లు. ఈ ఇంట్లో నా గది కిటికీ మాత్రం చలికాలమంతా రెండు వేళ్లు తెరిచే ఉంచుతాను. ఇవాళ పొద్దున కోడలు స్వెట్టరు బిగించుకుంటూ వచ్చి, "రోజూ ఇదేంది అత్తమ్మా, చలి అస్తున్నది గదా, పూర్తిగ మూస్తె ఏమైతది?" అని రెక్క మీద చెయ్యి వేసింది. గోడలో పైపు టక్కుమంది. అలవాటు కొద్దీ, చాయ్ తాగుతావా అని లేవబోయాను. లేవలేదు.

"ఉండనియ్యి" అన్నాను. "ఇట్ల కూసో. నీకొక మాట చెప్పాలె."